ఫ్లాగ్ మారింది సరే, తెర ఎప్పుడు మారాలి?

అందరికీ నమస్కారం.

ఫీచర్ ఫ్లాగ్ ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. కోడ్ ముందే యాప్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలా వద్దా అన్నది సర్వర్ చెబుతుంది. మనం డాష్‌బోర్డ్‌లో స్విచ్ నొక్కాక ఆ కబురు ఫోన్‌కి ఎప్పుడు చేరుతుంది, చేరాక యాప్ ఏం చేయాలి? ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

ఇలాంటి ఫ్లాగ్ విలువల్ని యాప్‌కి అందించే గూగుల్ సర్వీస్ ఫైర్‌బేస్ రిమోట్ కాన్ఫిగ్‌ని మీలో చాలామంది వాడే ఉంటారు. సెట్టింగులు ముట్టుకోకపోతే, ఒకసారి తెచ్చుకున్న విలువలతోనే అది 12 గంటలు నెట్టుకొస్తుంది. బటన్ రంగుకైతే పర్వాలేదు. పేమెంట్ పేజీలో బగ్ పడి ఫీచర్ ఆపాలనుకున్నప్పుడు మాత్రం 12 గంటలంటే మామూలు టెన్షన్ కాదు. పోనీ పది సెకన్లకోసారి సర్వర్‌ని అడుగుదామా? బ్యాటరీ, డేటా, సర్వర్ ఖర్చు మూడూ పెరుగుతాయి. వచ్చే జవాబేమో దాదాపు ఎప్పుడూ 'ఏమీ మారలేదు' అనే.

అందుకే కనెక్షన్ తెరిచి ఉంచి, ఏదైనా మారినప్పుడు సర్వరే చెప్పే పద్ధతి వచ్చింది. వెబ్‌లో అయితే సర్వర్ నుంచి బ్రౌజర్‌కి కబుర్లు పంపే సర్వర్ సెంట్ ఈవెంట్స్ చాలు. కబురు ఒకవైపే రావాలి కాబట్టి రెండువైపులా మాట్లాడే వెబ్‌సాకెట్ దండగ అంటాను నేను. కనెక్షన్ తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుకుంటుంది. కాకపోతే వెబ్ పాత వెర్షన్ హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్లు ఒక్కో డొమైన్‌కి 6 కనెక్షన్లే ఇస్తాయి. ఒక్కో ట్యాబ్ ఒక కనెక్షన్ పట్టుకుని కూర్చుంటే, ఏడో ట్యాబ్ తెరిచినవాడు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటాడు.

ఇంతవరకు తేలికే. యూజర్ అడ్రస్ సగం టైప్ చేశాడు, సరిగ్గా అప్పుడే కొత్త చెకౌట్ ఫ్లాగ్ ఆన్ అయింది. ఫారం మాయమై ఇంకోటి వస్తే, తింటున్నవాడి ముందు నుంచి విస్తరి లాగేసినట్టే. ఫైర్‌బేస్ వాళ్లు 2023లో రియల్ టైమ్ అప్‌డేట్లు తెచ్చినా, వచ్చిన విలువల్ని యాక్టివేట్ చేసే, అంటే అమల్లోకి తెచ్చే పని యాప్‌కే వదిలేశారు. నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

కాబట్టి ఫ్లాగ్ పుట్టించిన రోజే తేల్చుకోండి: ఇది వెంటనే అమలు కావాలా, తర్వాతి స్క్రీన్ దాకా ఆగొచ్చా? చెకౌట్ లాంటి చోట మొదట్లో ఒకసారి విలువ చదివి, ఆర్డర్ పూర్తయ్యేదాకా దాన్నే వాడండి. లేకపోతే ధర పాత లెక్కలో కనిపించి, డబ్బు కొత్త లెక్కలో కట్ అవుతుంది.

ఫీచర్‌ని అత్యవసరంగా ఆపే కిల్ స్విచ్ సంగతి వేరు. అది వెంటనే పనిచేయాలి. కానీ ఫోన్‌లో నెట్ లేకపోతే కబురే అందదు, యాప్ తన దగ్గరున్న పాత విలువతోనే నడుస్తుంది. అందుకని అదే ఫ్లాగ్‌ని ఏపీఐ వైపు, అంటే యాప్ రిక్వెస్టులు అందుకునే సర్వర్ వైపు కూడా చూడాలి. పాత స్క్రీన్ నుంచి రిక్వెస్ట్ వచ్చినా సర్వర్ ఒప్పుకోకూడదు, యూజర్‌కి అర్థమయ్యే మెసేజ్ చూపించాలి.

ఇప్పుడు ఒక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్లాగ్ ఆపి, ఇదంతా నడిపి చూపిస్తాను.