అర ఔన్సు బరువులో ఆలుమగల మాట: విక్టోరియా కాలపు ఉత్తరాలు

[తెరపై: ఒకే కాగితం. అడ్డంగా రాసిన వరుసల మీదుగా నిలువుగా ఇంకో రాత]

చూడగానే గజిబిజిగా ఉంది కదూ? ఇందులో రెండు పేజీల ఉత్తరం ఉంది. ముందు మామూలుగా రాశారు. సిరా ఆరాక కాగితాన్ని పక్కకు తిప్పి, ఆ రాత మీదే మళ్లీ రాశారు.

ఎందుకంటే, ఖర్చు. 1840కి ముందు బ్రిటన్‌లో తపాలా ఛార్జీ దూరాన్నీ, కాగితాల సంఖ్యనీ బట్టి ఉండేది. భర్త లండన్‌లో, భార్య ఎడిన్‌బరోలో ఉంటే ఒక్క కాగితానికే షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు, దాటేది. కవరు వేస్తే అదీ ఇంకో కాగితం కిందే లెక్క. పైగా డబ్బు సాధారణంగా అందుకున్నవాళ్లే కట్టాలి.

1840 జనవరి 10న తపాలా సంస్కర్త రోలాండ్ హిల్ సూచించిన పద్ధతి వచ్చింది. దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు దాకా, అంటే మన లెక్కలో 14 గ్రాములు, ఒక పెన్నీ. ముందే కట్టకపోతే రెండు. మే నెలలో పెన్నీ బ్లాక్ స్టాంపు వచ్చింది. షీటుకు 240 స్టాంపులు, అంచుకు చిల్లులు లేవు, కత్తెరతో కోసుకోవాల్సిందే. ఛార్జీ తగ్గినా అడ్డంనిలువు రాత పోలేదు. ఇప్పుడు లెక్క బరువుది మరి.

[దగ్గరి షాట్: మడత విప్పుతున్న చేతులు]

కవరు లేని ఉత్తరం ఇలా ఉంటుంది. పెద్ద కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. మూడింటిలో రాత, నాలుగో దాని మధ్యలో చిరునామా. తర్వాత చిన్నగా మడిచి, అంచు మీద కరిగిన లక్క వేసి ముద్ర నొక్కాలి. ఇక్కడే పొరపాటు జరిగేది. విప్పేటప్పుడు లక్కతోపాటు కాగితం చిరుగుతుంది. అందుకే లక్క అంటుకునే చోట రాయకుండా కొంచెం జాగా వదిలేవారు. వదలకపోతే రెండు మూడు మాటలు చిరుగుతో పోయేవి. పాత ఉత్తరాల్లో ఆ చిల్లు ఇప్పటికీ కనిపిస్తుంది.

నల్ల అంచు కాగితం, నల్ల లక్క వస్తే, విప్పకముందే గుండె జారేది. ఎవరిదో చావు తాలూకు మైల.

ఇంటికి డబ్బు పంపడానికి ఒక చక్కటి ఉపాయం ఉండేది. భర్త అయిదు పౌండ్ల నోటును రెండు ముక్కలు చేసి, ముందు ఒక సగం పంపేవాడు. "అందింది" అని భార్య రాశాకే రెండో సగం. దారిలో ఎవరైనా ఒక ముక్క కాజేసినా దాంతో ఏమీ కొనలేరు. రెండూ చేరాక ఆవిడ అతికించుకునేది.

ఇన్ని జాగ్రత్తలు పడినా, చేతికి అందించే మనిషి పొరబడితే అంతే. 1846 జులై 14. రచయిత టామస్ కార్లైల్ భార్య జేన్ లివర్‌పూల్ దగ్గర సీఫోర్త్‌లో ఉంది. ఆ రోజు ఆమె పుట్టినరోజు. ఇద్దరి మధ్యా అప్పటికే మనస్పర్థలు. ఉత్తరం కోసం పోస్టాఫీసుకు వెళ్తే, లేదన్నారు. ఆయన రాయనే లేదనుకుని కుమిలిపోయింది. ఉత్తరం మాత్రం ఆ పోస్టాఫీసులోనే ఉంది, చిన్న కానుకతో సహా. పొరపాటు తెలిసి అదే రోజు తెచ్చి ఇచ్చారు. జేన్ వెంటనే కూర్చుని ఆయనకు జవాబు రాసింది.

[తెరపై: పాళీ సిరాలో ముంచుతున్న చేయి]