నీ గ్యాలరీ ఏది?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సాయంత్రపు పనులు మానుకొని వచ్చిన మీకందరికీ నమస్కారం. ఈ గ్రంథాలయ నిర్వాహకులు నన్ను పిలవడానికి మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. వారి ఓపికకు, నా గురించి పరిచయంలో చెప్పిన మంచి మాటలకు నా కృతజ్ఞతలు. ఆహ్వాన పత్రికలో నా ప్రసంగాంశం క్రీడలు, సమైక్యత అని అచ్చయింది. ఆ మాటతో మొదలుపెడితే నాకు తెలిసిన నిజం చివరిదాకా బయటికి రాదు. అందువల్ల మీ అనుమతితో కలకత్తా మైదానంలో ఫుట్‌బాల్ గ్యాలరీల గురించి, అక్కడ ఒక మధ్యాహ్నం నేను చేసిన తప్పు గురించి చెబుతాను. ఆ తప్పును ఇన్నేళ్లలో నేను ఏ సభలోనూ చెప్పలేదు.

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టాను. మా నాన్నగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్లి స్థిరపడినవారు. 1974లో నాకు కలకత్తాలో ఉద్యోగం వచ్చి, ఒక మెస్సులో చేరాను. మొదటి రాత్రి భోజనాల దగ్గర నన్ను అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు, ఊరు కాదు. ‘నువ్వు ఏ క్లబ్బు?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు బెంగాలీ పిల్లవాడు చెప్పే జవాబులో అతని తాతగారి ఊరు ఉంటుంది. గంగకు ఈ వైపున తరతరాలుగా ఉన్నవారు ఘొటీలు, వారి జట్టు మోహన్ బగాన్. పద్మా నదికి అటు వైపు జిల్లాల నుంచి వచ్చినవారు బాంగాల్‌లు, వారి జట్టు ఈస్ట్ బెంగాల్. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం ఆ ఇళ్లలో ఇలిష్ చేప వండుతారు, మోహన్ బగాన్ గెలిస్తే వీరి ఇళ్లలో రొయ్యలు వండుతారు. మనం గోదావరి జిల్లాల్లో పులస అని పేరు పెట్టి ప్రాణంగా చూసుకొనే చేపే వారి ఇలిష్. ఒక చేప పేరు చెప్పి ఒక మనిషి వంశాన్ని పసిగట్టే ఊరిలో, ఇటు ఘొటీని కాని, అటు బాంగాల్‌ను కాని నాకు తడబాటు కలిగింది. నా పక్క మంచం అబ్బాయి మోహన్ బగాన్ వాడు కావడం వల్ల నేనూ ఆ జట్టు పేరే చెప్పాను. అంతకు మించిన కారణం లేదు.

ఈ విభజన ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే పోటీ ఫైనల్లో బ్రిటిష్ సైన్యపు జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1 గోల్స్‌తో ఓడించినప్పుడు పదకొండు మందిలో పది మంది ఉత్త కాళ్లతో ఆడారు. బూట్లు వేసుకున్న ఒక్కడు సుధీర్ ఛటర్జీ, ఆయన క్రైస్తవుడు. మైదానం చుట్టూ నిలబడి ఆట కనబడని వేల మంది కోసం గోల్స్ లెక్కను గాలిపటాలతో పైకెగరేసి తెలియజేశారు. ఆ సాయంత్రం ముస్లిం క్లబ్బుల వారు కూడా హిందూ మిత్రులతో కలిసి పండుగ చేసుకున్నారని ఆనాటి పత్రికలు రాశాయి. ఆ ఒక్క రోజు గ్యాలరీ ఒక్కటే. అది ఎంతో కాలం ఒక్కటిగా ఉండలేదు.

1920లో జోరాబగాన్ క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆటకు శైలేష్ బోస్ అనే తూర్పు బెంగాల్ ఆటగాణ్ణి పక్కన పెట్టింది. దానికి నొచ్చుకొని ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేష్ చంద్ర చౌధురి బయటికి వచ్చారు, ఆయనా తూర్పు వాడే. కొద్ది రోజుల్లోనే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఏర్పడింది. ఒక మనిషిని జట్టులోంచి తీసేసిన అవమానం మీద నిలిచిన క్లబ్బు అది. 1947 తర్వాత ఇల్లూ పొలమూ వదిలి వచ్చిన లక్షల మందికి, రెఫ్యూజీ అనే మాట పడ్డ ప్రతి మనిషికి, ఆ ఎరుపు బంగారు రంగుల చొక్కా ఒక చిరునామా అయింది. 2020 జనవరిలో సాల్ట్ లేక్ స్టేడియంలో, పౌరసత్వ కాగితాల వివాదం ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఆ అభిమానులు ఒక పెద్ద బ్యానరు విప్పారు. రక్తంతో కొన్న నేల ఇది, కాగితంతో కొన్నది కాదు అని దాని అర్థం. ఆ ఒక్క వాక్యం చదివితే ఆ గ్యాలరీ దేనికోసం అరుస్తుందో తెలుస్తుంది.

ఇక కలకత్తాలో ముస్లింల క్లబ్బుగా పేరున్న మహమ్మడన్ స్పోర్టింగ్ కథ వేరు. మొదటి రెండు క్లబ్బుల మధ్య తగాదా ఊళ్ల తగాదా, ఈ మూడోదాని చుట్టూ ఉన్నది మతం. 1934లో తొలిసారి మొదటి డివిజన్‌లోకి వచ్చి అదే ఏడాది కలకత్తా లీగ్ గెలిచిన భారతీయ క్లబ్బు అది, అంతకు ముందు ఏ భారతీయ జట్టూ ఆ లీగ్ గెలవలేదు. 1938 దాకా వరుసగా ఐదేళ్లు అదే గెలిచింది. తెల్లవారి జట్లను ఓడించినందుకు మొదట ఊరంతా మురిసిపోయింది. ఏడాదికేడాది రాజకీయం వేడెక్కిన కొద్దీ, అదే గెలుపు ఒక వైపు ముస్లింలు తలెత్తుకొనే రోజుగా, ఇంకో వైపు కొందరికి కంటగింపుగా మారింది. 1940లో అదే క్లబ్బు ఢిల్లీలో డ్యురాండ్ కప్పు కూడా గెలిచింది. దేశ విభజన తర్వాత ఆటగాళ్లలో, పోషకుల్లో ఎందరో తూర్పు పాకిస్తాన్‌కు వెళ్లిపోయారు. మిగిలిపోయిన అభిమానికి, ఆట రోజు తన జట్టు పేరు గట్టిగా అరవడం కూడా ఒక రుజువు చూపించుకోవలసిన పని అయింది.

అయ్యా, మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. గ్యాలరీ ఇలా చీలిపోయి ఉన్న కాలంలోనే మైదానంలోని జట్టు ఏ చీలికనూ పాటించలేదు. ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఈనాటికీ చేతులెత్తి తలచుకొనే ఐదుగురు ఫార్వర్డులు ఉన్నారు. వారికి పంచపాండవులు అని పేరు పెట్టింది ఆ అభిమానులే. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఈ ఐదుగురిలో ఒక్కరూ బెంగాలీ కారు, అందరూ మన దక్షిణాది వారే. ఇద్దరు ముస్లింలు. విభజన గాయం ఇంకా ఆరని ఆ రోజుల్లో, తమ ఇళ్లు ఏ అల్లర్లలో పోయాయో మరచిపోని మనుషులు, అహ్మద్ ఖాన్‌ను పాండవుడు అని పిలుచుకున్నారు. దీన్ని నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు. మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ క్లబ్బుకు నాయకుడై, చివరి దాకా కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో ఉండి, 2023 ఫిబ్రవరిలో ఆ బెంగాల్ నేలలోనే కన్నుమూశారు.

ఇప్పుడు నా తప్పు.

మా కార్యాలయంలో నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు, ఖిదిర్‌పూర్ వాడు, ఒక మిత్రుడు ఉండేవాడు. నేను భాయిజాన్ అని పిలిచేవాణ్ణి. పనిలో నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నాడు. అతను మోహన్ బగాన్ అభిమాని. నేను ఆ పక్షాన చేరింది పక్క మంచం వల్ల అయితే, అతను చేరింది తాత వల్ల. 1911లో ఆ గాలిపటాలను చూసిన జనంలో అతని తాత ఉన్నాడు. చిన్నప్పుడు తాత ఒళ్లో కూర్చొని ఎన్నోసార్లు విన్న కథ అది. ఆ ఇంట్లో ఆకుపచ్చ, మెరూన్ రంగులకు ఉన్న గౌరవం ఘొటీ ఇళ్లలో ఉన్నదానికి తక్కువేమీ కాదు. ప్రతి ఆటకూ ఇద్దరం ఆఫీసు వదలగానే మైదానం దాకా నడిచి వెళ్లేవాళ్లం. వర్షం పడుతుంటే ఒక్క గొడుగు కింద కూర్చొనేవాళ్లం.

1977 వర్షాకాలంలో మోహన్ బగాన్‌కు మహమ్మడన్‌తో లీగ్ ఆట వచ్చింది. ఆ రోజు గ్యాలరీలో మాటలు మామూలుగా లేవు. ఆట మొదలైన కాసేపటికి నేను అలవాటుగా ‘భాయిజాన్, చూశావా ఆ పాసు’ అన్నాను. వెనక వరుసలోని ఒక మనిషి అది విని, ముందుకు వంగి, అతని భుజం తట్టి, ఎదుటి వైపు చూపించి, ‘నీ గ్యాలరీ అక్కడుంది’ అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ ఒక్క మాటే అన్నాడు. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నవ్వారు. భాయిజాన్ ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను మైదానం వైపు చూశాను. నేను తెలుగువాణ్ణి, వేరే ఊరివాణ్ణి, అక్కడ నాకు తాతల ఊరు లేదు. అయినా నా గ్యాలరీ ఏదని నన్నెవరూ అడగలేదు. మూడు తరాలుగా ఆ జట్టునే ప్రేమించిన మనిషిని అడిగారు. అతను గొడుగు నా దగ్గరే వదిలి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను ఆట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

అమ్మా, మీలో ముందు వరుసలో కూర్చున్న పిల్లలు నన్ను అడగవచ్చు, లేచి ఎందుకు వెళ్లలేదని. నా దగ్గర సమాధానం లేదు. భయపడ్డాననుకున్నా నిజం కాదు, ఆ మనిషి నన్నేమీ చేసేవాడు కాదు. ఆట మధ్యలో లేవడం ఇష్టం లేకపోయింది. అంత చిన్న కారణం.

మర్నాడు గొడుగు తీసుకువెళ్లి ఇచ్చాను. అతను తీసుకున్నాడు, ఆ విషయం ఎత్తలేదు. ఆ తర్వాత అతను మైదానానికి రాలేదు. ఇంట్లో రేడియోలో వినేవాడు.

మూడేళ్లకు, 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట జరుగుతుండగా గ్యాలరీలో కొట్లాట మొదలై, తొక్కిసలాటలో పదహారు మంది చనిపోయారు. ఆట చూడడానికి వచ్చినవారు ఇళ్లకు తిరిగి వెళ్లలేదు. ఏటా ఆ తేదీన వారి పేరు మీద అక్కడ రక్తదానం చేస్తారు. 1946లో మతకల్లోలాలతో కలకత్తా వీధులు శవాలతో నిండిన రోజూ ఆగస్టు 16నే మొదలైంది. ఆ రెండింటికీ సంబంధం లేదని నాకు తెలుసు, అయినా ఆ తేదీ వచ్చినప్పుడల్లా నాకు భుజం మీద తట్టిన ఆ చెయ్యే కనబడుతుంది.

ఇది బెంగాల్ జబ్బు మాత్రమే అనుకోకండి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఐరిష్ కాథలిక్ పేదల సహాయం కోసం 1887లో సెల్టిక్ క్లబ్బు పుట్టింది. ప్రొటెస్టెంట్ల క్లబ్బుగా పేరున్న రేంజర్స్ ఎన్నో దశాబ్దాలు కాథలిక్కులను దూరం పెట్టి, 1989లో మో జాన్‌స్టన్ అనే పేరున్న కాథలిక్ ఆటగాణ్ణి తీసుకుంటే, ఆ అభిమానుల్లో కొందరు తమ స్కార్ఫులను కాల్చివేశారు. అంత ముదిరిన ఊరికి 1936లో మన మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం వెళ్లాడు. బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టుకొని సెల్టిక్ పక్షాన ఆడాడు. ఆ కట్లు కడుతున్న ఫోటో ఇప్పటికీ ఉంది. కాథలిక్ క్లబ్బుకు ఒక ముస్లిం ఉత్త పాదాలతో ఆడుతుంటే గ్లాస్గో జనం చప్పట్లు కొట్టారు.

2024 ఆగస్టులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరానికి కలకత్తా ఉడికిపోయింది. ఆ నెల 18న జరగవలసిన పెద్ద మ్యాచ్‌ను రద్దు చేశారు. ఆ సాయంత్రం స్టేడియం బయట మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ అభిమానులు కలిసి నిలబడ్డారు, కలిసి లాఠీ దెబ్బలు తిన్నారు. ఒక జట్టు చొక్కా వేసుకున్న కుర్రవాణ్ణి ఇంకో జట్టు కుర్రవాడు భుజాన ఎత్తుకున్న ఫోటో చూసి నేను చాలాసేపు ఆ పత్రికను మడవలేకపోయాను. మంచి రోజులు వచ్చేశాయని అనను. ఆ భుజం, ఆ రోజు తట్టిన భుజం, రెండూ ఒకే ఊరివి.

మన హైదరాబాద్ మాట చెప్పకుండా ఈ వేదిక దిగితే అన్యాయం అవుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టులో ఎవరెవరు ఏ ఇంటివారో నేను ఇక్కడ విడదీసి చెప్పదలచుకోలేదు. రహీం సాబ్ పేరు మన పిల్లలకు ఒక సినిమా వచ్చేదాకా తెలియకపోవడం నా గుండెలో ముల్లు. ఆ ఊరి నుంచే వచ్చిన మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కూ, మోహన్ బగాన్‌కూ, మహమ్మడన్‌కూ, మూడింటికీ ఆడాడు. మూడు గ్యాలరీలూ అతణ్ణి బడే మియా అని పిలుచుకున్నాయి. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు. అది మోహన్ బగాన్ పుట్టినరోజు కూడా.

1977 సెప్టెంబరు 24, శనివారం. పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చి మోహన్ బగాన్‌తో ఆడింది. ఆట 2-2తో ముగిసింది, మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. నేను మైదానంలో ఉన్నాను, ఒంటరిగా. భాయిజాన్ రేడియో దగ్గర ఉన్నాడు. సోమవారం ఉదయం నేను ఆఫీసుకు వెళ్లేసరికి అతను నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో మిఠాయి పొట్లం ఉంది. గొడుగు తిరిగి ఇచ్చిన రోజు తర్వాత మా మధ్య ఆట మాట రాలేదు. ‘గోల్ కొట్టింది మీ హైదరాబాద్ కుర్రవాడు, మొదట నువ్వు తిను’ అని ఒక సందేశ్ నా నోట్లో పెట్టాడు. అప్పటికి నేను హైదరాబాద్ ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.