ఓడిపోతే ఏమవుతుందో చూసి కొనండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వీడియో గేముల గురించి వినడానికి వచ్చారంటే మీలో కొందరిని పిల్లలే లాక్కొచ్చి ఉంటారు. వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న నాన్నలకు ముందే చెబుతున్నా, ఇవాళ గబగబా బటన్లు నొక్కే గేముల జోలికి పోవడం లేదు. వంతులవారీగా, ఆలోచించి ఆడే యుద్ధపు ఆటల్లో కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలో చెబుతాను. వీటిలో మీ వంతు వచ్చాక లేచి వెళ్లి, కాఫీ కలుపుకుని తాగి వచ్చినా శత్రువు కత్తి పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాడు.

మా అమ్మమ్మగారి ఊళ్లో గుడి మండపం రాతి మీద పులి మేక గీతలు చెక్కి ఉండేవి. వేసవి సెలవుల్లో అమ్మమ్మ నాకు మేకలిచ్చి తను పులులు తీసుకునేది. పులులు 3, మేకలు 15. పులులంటే గులకరాళ్లు, మేకలంటే చింతపిక్కలు. మొదటి రోజే నావి ఐదు మేకలు వరసగా పోయాయి. ఏడుపు ముఖం పెట్టాను. అమ్మమ్మ ఆ ఐదో పిక్కను ఒళ్లోంచి తీసి మళ్లీ నా ముందు పెట్టి, "దీన్ని అక్కడ కాకుండా ఎక్కడ పెడితే బతికేదో చూడు" అంది. చూశాను. రెండు గీతల అవతల పెడితే బతికేది. ఆ పూట నేను గెలవలేదు గానీ మర్నాడు పొద్దున్నే మండపం దగ్గరికి నేనే ముందు పరుగెత్తాను.

ఇక అసలు విషయం. టాక్టికల్ రోల్ ప్లేయింగ్ గేమ్ అనేది పెద్ద పేరు. చదరంగంలా గళ్లుంటాయి, మీ వంతు, వాళ్ల వంతు ఉంటాయి. తేడా ఏంటంటే చదరంగం బంటుకు పేరుండదు. ఇక్కడ బంటుకు పేరుంటుంది, ఊరుంటుంది, పక్క బంటుతో పాత గొడవ ఉంటుంది. యుద్ధం చేసేకొద్దీ అనుభవం వస్తుంది, లెవెల్ పెరుగుతుంది. మొదటి యుద్ధంలో వణుకుతూ నిలబడ్డ కుర్రాడు పదో యుద్ధానికి మీ సైన్యానికి ఆధారం అయి కూర్చుంటాడు.

1990లో నింటెండో కంపెనీ గేమ్ యంత్రం ఫామికామ్ మీద ఫైర్ ఎంబ్లెమ్ అనే ఆటల వరసలో మొదటి భాగం వచ్చింది. షోజో కాగా దాని రూపకర్త. అందులో ఒక కఠినమైన నియమం పెట్టారు: యుద్ధంలో పోయినవాడు పోయినట్టే, మళ్లీ రాడు. పది యుద్ధాలు పెంచిన మనిషి ఒక్క తప్పుడు అడుగుతో పోతాడు. ఈ రకం ఆటలకు పేరు తెచ్చింది ఆ నియమమే, కొత్తవాళ్లను తరిమేసిందీ అదే. చాలామంది ఏం చేస్తారంటే, మనిషి పోగానే గేమ్ ఆపేసి ఆ యుద్ధం మొత్తం మొదటినుంచి ఆడతారు. నలభై నిమిషాలు బూడిదలో పోసిన పన్నీరు.

మా మేనల్లుడు ఇంటర్ పరీక్షలయ్యాక ఫోన్ చేసి, "మామయ్యా, ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ని మించింది లేదంటున్నారు. దాంతోనే మొదలుపెట్టనా?" అన్నాడు. వద్దన్నాను. వాడికి కోపం వచ్చింది. నాకు ఆ ఆట ఇష్టం లేదేమో అనుకున్నాడు. నా లెక్కలో ఈ కోవలో అంతకు మించిన ఆట రాలేదు. అందుకే వద్దన్నాను.

ఎందుకో చెబుతాను. అది 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చింది, దర్శకుడు యాసుమి మాట్సునో. రాజ్యం కోసం కొట్లాట, ఇద్దరు మిత్రుల కథ. ఇరవై రకాల దాకా వృత్తులుంటాయి, ఒక వృత్తిలో నేర్చిన విద్యను ఇంకో వృత్తిలోకి తీసుకెళ్లొచ్చు. నేల ఎత్తుపల్లాలు, ఎవరు ఎటు తిరిగి ఉన్నారు, ఎవరి వేగం ఎంత, అన్నీ లెక్కలోకి వస్తాయి. మంత్రం వేయడం మొదలుపెట్టాక అది పడేలోపు శత్రువు పక్కకు జరిగిపోవచ్చు. మీవాడు కింద పడితే తల మీద 3 అంకె కనిపిస్తుంది. అది సున్నా అయ్యేలోపు లేపకపోతే మనిషి స్ఫటికంగానో, నిధిపెట్టెగానో మారిపోయి ఇక తిరిగి రాడు. ఇన్ని సంగతులు మొదటి గంటలోనే మీద పడతాయి. డోర్టర్ అనే ఊళ్లో మొదట్లోనే ఒక యుద్ధం ఉంది. మేడల మీద నిలబడ్డ విలుకాళ్లు కింద ఉన్న మీవాళ్లను గురి చూసి కొడుతుంటారు. చాలామంది కొత్తవాళ్లు అక్కడే గేమ్ పక్కన పెట్టేస్తారు.

నేను దాన్ని దాటాను గానీ తర్వాత రియోవానెస్ కోటలో ఇరుక్కున్నాను. అక్కడ యుద్ధాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక దానిలో మీ నాయకుడు ఒక్కడే నిలబడి ఒకణ్ణి ఎదుర్కోవాలి. వాడు చచ్చాక ఇంకో రూపంలో లేస్తాడు. నేను మధ్యలో సేవ్ చేశాను, అంటే ఆటను అక్కడిదాకా భద్రపరిచాను, అదీ నాకున్న ఒక్క సేవ్ మీదే. ఇక వెనక్కి వెళ్లి బలం పెంచుకునే దారి లేదు. పదిహేను రోజులు అదే గోడకు తల కొట్టుకుని చివరికి ఆట మొత్తం మొదటినుంచి ఆడాను. రెండు సేవ్‌లు పెట్టుకోవాలన్న ఇంగితం లేకపోవడం నా తప్పే. కానీ మొదటిసారి ఆడేవాడికి ఆ ఇంగితం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకో చిక్కుంది. ఈ ఆటల్లో తెలుగు లేదు. ఇదే టాక్టిక్స్‌కి 2007లో పీఎస్‌పీ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం మీద వచ్చిన వెర్షన్‌లో ఇంగ్లీష్‌ని కావాలనే పాత నాటకాల భాషలో రాశారు, మన గ్రాంథికంలాగ. చదివితే గొప్పగానే ఉంటుంది. కానీ నియమాలే అర్థం కాని రోజున డైలాగులు కూడా అర్థం కాకపోతే ఎవరికైనా నీరసం వస్తుంది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త వెర్షన్‌లో గొంతులు పెట్టారు, ఆటోసేవ్ పెట్టారు, సులువు స్థాయి పెట్టారు. ఎవరైనా పట్టుబట్టి దాంతోనే మొదలుపెడతానంటే ఆ సులువు స్థాయిలో మొదలుపెట్టండి, సిగ్గు పడకండి. నా సలహా మాత్రం రెండో ఆటగా దాచుకోమనే.

మరి మొదటిది ఏది? బొమ్మలు చూసి ఎంచుకోకండి, పేరు చూసి అసలే వద్దు. నేను చూసేది ఒక్కటే. తప్పు చేసినప్పుడు ఈ ఆట ఏం చేస్తుంది? తప్పు ఎక్కడ జరిగిందో కనబడేలా చెబుతుందా? చింతపిక్కను మళ్లీ చేతికిస్తుందా?

ఇక్కడ కాస్త లెక్కలోకి వెళ్లాలి. ఈ ఆటల్లో దెబ్బ వేసే ముందు తెర మీద ఒక శాతం కనిపిస్తుంది. తొంభై శాతం తగులుతుంది అంటుంది. మీరు కొడతారు, తప్పుతుంది. మోసం అని అరుస్తారు. తొంభై అంటే పదింటిలో ఒకటి తప్పాలి, ఆ ఒకటి మీ దగ్గరికి వచ్చింది, అంతే. కానీ మన మనసు తొంభైని నూరు కిందే లెక్కేసుకుంటుంది. ఫైర్ ఎంబ్లెమ్ తయారుచేసినవాళ్లు ఒక తమాషా చేశారు. 2002లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రానికి వచ్చిన భాగంలో యంత్రం ఒక అంకె బదులు రెండు అంకెలు తీసి వాటి సగటుతో పోల్చి చూస్తుంది. రెండింటి సగటు మధ్యకే మొగ్గుతుంది కాబట్టి తెర మీద 90 అని ఉన్నచోట నిజంగా తగిలేది నూటికి సుమారు 98 సార్లు. 10 అని ఉన్నచోట తగిలేది దాదాపు 2 సార్లే. అంటే ఆట అబద్ధం చెబుతోంది, అదీ మన మనసుకు నచ్చే అబద్ధం. తర్వాత కొన్ని భాగాల్లోనూ అదే పద్ధతి నడిచింది. నాకైతే ఈ అబద్ధం మీద ఫిర్యాదు లేదు.

దీనికి పూర్తిగా అటువైపున ఉంది నేను మొదట చెప్పదలచుకున్న ఆట. పేరు బ్యాటిల్ ఫర్ వెస్నాత్. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టారు. తర్వాత ఎందరో స్వచ్ఛందంగా చేతులు వేసి పెంచారు. కంప్యూటర్ మీద పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. ఆఫీసు పని కోసం కొన్న పాత లాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఖర్చు లేదు కాబట్టి నచ్చకపోయినా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. మొదటి ఆటకు ఇంతకంటే ఏం కావాలి?

అందులో గళ్లు తేనెపట్టులా ఆరు మూలలవి. నేల ఎలాంటిదన్నదే ప్రాణం. ఎల్ఫ్ అనే అడవి జాతి విలుకాడు అడవి గడిలో నిలబడితే వాడి మీదికొచ్చే దెబ్బల్లో సగానికి పైగా గురి తప్పుతాయి. వాడే ఒక్క గడి ముందుకొచ్చి పచ్చిక మీద నిలబడితే సగానికి పైగా తగులుతాయి. మనిషి అదే, విల్లు అదే, ఒక్క అడుగు తేడా. దాంతోపాటు పొద్దు కూడా నడుస్తుంటుంది. ఆరు టర్న్‌లకు ఒక రోజు. ఓర్క్ అనే రాక్షస జాతివాడు చీకట్లో రెచ్చిపోతాడు. మామూలు ఓర్క్ సైనికుడి కత్తి దెబ్బ సంధ్యవేళ 9, రాత్రయితే 11, పగలైతే 7. ఒక్కో దాడిలో రెండు దెబ్బలు. మనుషుల సైన్యాల్లో ఎక్కువమంది దీనికి తలకిందులు, వాళ్లకు ఎండే బలం. ఎల్ఫ్‌లకు పగలూ రాత్రీ ఒక్కటే. అంటే రాత్రి ఊరి ఇళ్లలోకి, అడవిలోకి తగ్గి కూర్చుని, తెల్లవారగానే మీదపడాలి. ఇదంతా ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, ఒక్క రాత్రి మైదానంలో దొరికిపోతే మీకే తెలుస్తుంది.

ఇక్కడ శాతాలు నిజమైనవి. అరవై అంటే అరవై. నాలుగు దెబ్బలు వేస్తే నాలుగూ తప్పే అవకాశం వందలో రెండున్నర. చిన్నదే, కానీ ఒక సాయంత్రం ఆడితే అది మీకు తప్పకుండా ఎదురవుతుంది. కాబట్టి "ఈ దెబ్బ తప్పితే?" అని మనల్ని మనం ప్రశ్నించుకున్నాకే ముందుకు కదలడం అలవాటవుతుంది. కొందరికి ఇది చిరాకు, ఒప్పుకుంటాను. మా మేనల్లుడు మొదటి వారం రోజూ తిట్టాడు.

అయినా ఈ ఆట పిక్కను తిరిగిస్తుంది. ప్రతి టర్న్‌కూ దానంతట అదే సేవ్ చేసుకుంటుంది, రెండు టర్న్‌లు వెనక్కి వెళ్లి ఇంకో దారి పట్టొచ్చు. ఊరి ఇంటి గడిలో నిలబడ్డ సైనికుడికి టర్న్‌కు 8 చొప్పున ప్రాణం కూడుతుంది. ముందుగా అందులోనే ఉన్న పాఠం ఆడండి. తర్వాత టూ బ్రదర్స్ అనే చిన్న కథ, నాలుగు యుద్ధాలే. పెద్ద కథల జోలికి అప్పుడే పోకండి. ఒక చిట్కా: లెవెల్ పెరగడానికి దగ్గరగా ఉన్నవాడికే చివరి దెబ్బ మిగల్చండి. శత్రువును చంపినవాడికి అనుభవం చాలా ఎక్కువ వస్తుంది.

ఇంట్లో ఇప్పటికే నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం ఉన్నవాళ్లకు వేరే మాట చెబుతాను. మన దగ్గర అది ఎక్కువగా బయటినుంచి తెప్పించుకున్నదే, కాబట్టి ఈ ఒక్క ఆట కోసం కొనమని మాత్రం అనను. ఉంటే 2019లో వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ త్రీ హౌసెస్ తీసుకోండి. మొదట్లోనే క్యాజువలా, క్లాసిక్కా అని అడుగుతుంది. క్యాజువల్ అనండి, యుద్ధంలో పడినవాళ్లు తర్వాతి యుద్ధానికి లేచి వస్తారు. శత్రువు ఎవరి మీదికి రాబోతున్నాడో ఎర్రగీత గీసి చూపిస్తుంది. తప్పు జరిగితే కాలాన్ని కొన్నిసార్లు వెనక్కి తిప్పుకోనిస్తుంది. ఇవన్నీ మా అమ్మమ్మ చేసిన పనులే. చిరాకు ఒక్కటే, యుద్ధానికీ యుద్ధానికీ మధ్య మఠంలో పిల్లలకు పాఠాలు చెప్పాలి, టీ పోయాలి, చేపలు పట్టాలి. కొన్ని సాయంత్రాలు చేపలతోనే గడిచిపోతాయి. నచ్చినవాళ్లకు అదే అసలు ఆట.

తీరిక అరగంటే ఉన్నవాళ్లకు 2018 నాటి ఇన్‌టు ద బ్రీచ్ ఉంది. 8 గళ్లు ఇటు, 8 గళ్లు అటు, అంతే బోర్డు. ఇందులో శత్రువులు పెద్ద పురుగులు. అవి తర్వాతి టర్న్‌లో ఎవరిని కొడతాయో ముందే చూపిస్తాయి, మీ పని వాటిని పక్కకు నెట్టడం. కథ, మనుషులు తక్కువ కాబట్టి దీన్ని ఈ కోవలో చేర్చొద్దని కొందరు పోట్లాడతారు. పోట్లాడనీండి.

2012 నాటి ఎక్స్‌కామ్ అనే ఇంకో ఆట గురించి ఒక్క మాటే. మొదట్లో ఐరన్‌మ్యాన్ అని ఒక గడి కనిపిస్తుంది. అది ఎంచుకుంటే ఒకే సేవ్, వెనక్కి దారి లేదు. దాని మీద టిక్ పెట్టకండి. మగతనం చూపించుకోవడానికి వేరే చోట్లున్నాయి.

సరే, మాట ఎక్కువైంది. వెనక బల్ల మీద లాప్‌టాప్‌లో వెస్నాత్ తెరిచి ఉంచాను. మనవాళ్లు ముగ్గురు నది దాటి పచ్చిక మీద ఉన్నారు, అవతలి గట్టున ఓర్క్‌లు ఐదుగురు. అక్కడ ఇప్పుడు సంధ్యవేళ, వచ్చే టర్న్‌కు చీకటి పడుతుంది. ఎడమవైపు రెండు గళ్ల దూరంలో అడవి ఉంది. ముందు ఎవరు కూర్చుంటారు? చేతులు కట్టుకున్న ఆ నాన్నగారు, మీరు రండి.