రాట్‌వీలర్ పిల్లకి ముందు నేర్పాల్సింది పట్టించుకోకపోవడం

నమస్కారం అండి. రాట్‌వీలర్ కుక్కపిల్లని తెచ్చుకున్న ఇంటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి తప్పకుండా ఒక సలహా ఇచ్చి వెళ్తాడు. "దాన్ని ఎవరికీ అలవాటు చెయ్యకు బాబూ. మేడ మీద కట్టేసి ఉంచు. మనుషుల మొహం తెలియకుండా పెరిగితేనే కాపలాకి పనికొస్తుంది." ఇంకొందరు పచ్చిమిరపకాయలు తినిపిస్తే పౌరుషం వస్తుందంటారు. మా పక్క గుంటూరులో మిర్చికి లేని మహిమ లేదు గానీ, కుక్కకి మాత్రం దానివల్ల కడుపులో మంట తప్ప ఇంకేం రాదు.

మేడ మీద ఒంటరిగా పెరిగిన కుక్క అరుస్తుంది, నిజమే. దొంగని చూసి అరుస్తుంది. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని చూసి అరుస్తుంది. హెల్మెట్ పెట్టుకుని వచ్చిన మీ బావమరిదిని చూసి కూడా అంతే అరుస్తుంది. భయంతో ఉన్న కుక్కకి ముగ్గురూ ఒకటే. కాపలాకి కావాల్సింది తేడా తెలిసిన కుక్క. రోజూ కనిపించేది ఏమిటో తెలియనిదానికి, కొత్తగా కనిపించేది ఏమిటో ఎలా తెలుస్తుంది చెప్పండి?

అసలు ఈ జాతి పుట్టింది జర్మనీలో రాట్‌వైల్ అనే ఊళ్లో. పశువుల్ని సంతకి తోలడం, మాంసం కొట్టువాళ్ల బండి లాగడం దీని పని. సంతలో జనం మధ్య తిరిగిన కుక్కండీ ఇది. దాన్ని మనం మేడ మీద ఇనుప గొలుసుకి కట్టి, రాక్షసి అని పేరు పెట్టాం.

అలాగని జనం భయపడటం వట్టి అపోహ అని నేను అనను. మగ రాట్‌వీలర్ 50 నుంచి 60 కిలోలు తూగుతుంది. 2024 మే నెలలో చెన్నైలో ఒక పార్కులో రెండు రాట్‌వీలర్లు ఐదేళ్ల పాప మీద పడి తీవ్రంగా గాయపరిచాయి. అదే ఏడాది మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపించమని రాష్ట్రాలకి లేఖ రాసింది. అందులో రాట్‌వీలర్ పేరు ఉంది. సంబంధించినవాళ్లని అడగకుండా ఇచ్చారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖని కొట్టేసింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, మన కుక్క తప్పు చేస్తే పక్కింటి పమేరియన్ చేసిన తప్పులా నవ్వేసి ఊరుకోరు. ఈ జాతిని పెంచేవాళ్లు రెండింతలు జాగ్రత్తగా ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా ఒక వయసు ఉంటుంది. అప్పుడు ఏం చూసినా, ఏం విన్నా "ఓహో, ఇదీ లోకంలో ఉండేదే" అని రాసుకుంటుంది. ఆ తర్వాత ఎదురయ్యే ప్రతి కొత్తదీ ముందు అనుమానంగానే కనిపిస్తుంది. ఆ వయసులో మొదటి భాగం తల్లి దగ్గరే గడవాలి, కాబట్టి 60 రోజులు నిండకుండా పిల్లని తీసుకోకండి. 2017 నాటి కేంద్రం రూల్స్ కూడా 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదనే చెబుతున్నాయి. మన దగ్గర 35 రోజులకే చేతిలో పెట్టేస్తారు, "చిన్నప్పుడే అయితే బాగా మచ్చికవుతుందండీ" అని. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర కొరుక్కుంటూ ఆడుకున్నప్పుడే పంటి పట్టు ఎంత ఉండాలో దానికి తెలుస్తుంది. ఆ పాఠం మనం చెప్పలేం.

ఇక్కడే ఒక చిక్కుంది. టీకాలు 16 వారాల దాకా నడుస్తాయి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకా పూర్తికాని పిల్లని రోజుల్లో తీసుకుపోతుంది. అందుకని టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించకపోతే, నేర్చుకునే వయసు కాస్తా ఇంట్లోనే అయిపోతుంది. మరి ఎలా? చంకనేసుకుని తిరగడమే. మొదటి టీకా పడి వారం దాటాక ఎత్తుకుని బయటికి తీసుకెళ్లండి. వీధికుక్కలు తిరిగే చోట కింద దించకండి. 8 వారాల పిల్ల ఆరేడు కిలోలు ఉంటుంది, భుజం లాగేస్తుంది. స్కూటర్ స్టాండు వేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చోండి.

మా టామీ సంగతి చెబుతాను. ఆడపిల్లే, పేరు మా అమ్మ పెట్టింది. మా ఇంటికి ఏ కుక్క వచ్చినా టామీనే. అది వచ్చిన కొత్తలోనే దసరా. మా బెజవాడ కెనాల్ రోడ్డు నిండా ఎర్రబట్టల భవానీలు, మైకులు, డప్పులు. సందు చివర స్కూటర్ మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జేబులో ఉడకబెట్టిన చికెన్, గోరంత ముక్కలుగా చేసి. ఒక గుంపు వెళ్తుంది, ఒక ముక్క. డప్పు మోగుతుంది, ఇంకో ముక్క. కాసేపటికి కాస్త దగ్గరికి జరిగాను. ముక్క పెడితే తీసుకోలేదు. నోరు గట్టిగా మూసుకుంది, చెవులు వెనక్కి పోయాయి, కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది. అంటే మనం దాని హద్దు దాటామన్నమాట. బుజ్జగించి అక్కడే కూర్చోబెడితే లాభం లేదు. వెనక్కి వచ్చేశాను. పది అడుగులు వెనక్కి వచ్చేసరికి నాలుకతో మూతి నాక్కుని, నా జేబు వాసన చూసింది. ఆ దూరమే ఆ రోజుకి దాని క్లాసు. మళ్లీ తినడం మొదలుపెట్టాక కాసేపు ఉండి ఇంటికొచ్చేశాం. ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగితే పని చెడుతుంది.

ఇలాగే అన్నీ. గొడుగు పట్టుకున్న మనిషి, కర్రతో నడిచే తాతగారు, బురఖా వేసుకున్న ఆవిడ, యూనిఫాంలో స్కూలు పిల్లలు, చెత్త బండి పాట, లిఫ్టు తలుపు. దూరం నుంచి చూడాలి, తినాలి, వచ్చెయ్యాలి. వాళ్లందరూ దాన్ని ముట్టుకోనక్కర్లేదు. చాలామంది అలవాటు చెయ్యడమంటే పదిమంది చేతికి ఇవ్వడం అనుకుంటారు. నాకు కావాల్సింది పక్కనుంచి మనిషి వెళ్తే ఒకసారి చూసి ఊరుకునే కుక్క. అందరి మీదకీ ఆనందంగా ఎగిరే కుక్క కూడా నాకు టెన్షనే. రెండు నెలలప్పుడు ఎగిరితే ముద్దుగా ఉంటుంది. ఏడాదిన్నరకి అదే ఎగురుడుకి మామ్మగారి తుంటి విరుగుతుంది.

మామ్మగారంటే గుర్తొచ్చింది. మా కింద వాటాలో మామ్మగారు మెట్ల దగ్గర ఆగి, "ఏం బాబూ, కరుస్తుందా?" అంటారు. కుక్కలు పెంచేవాళ్లందరికీ నోట్లో ఒకటే జవాబు, "ఏం చెయ్యదండీ, ఏం చెయ్యదు." దయచేసి ఆ మాట మానెయ్యండి. భయపడే మనిషికి ఆ మాటతో ధైర్యం రాదు. తాడు దగ్గరగా పట్టుకుని గోడ వైపు జరిగి, "పట్టుకున్నానండీ, మీరు వెళ్లండి" అనండి. ఆవిడకి దారి దొరుకుతుంది, కుక్కకి ఆగడం అలవాటవుతుంది.

అన్నం గిన్నె సంగతి. తింటుంటే చెయ్యి పెట్టి గిన్నె లాగేస్తారు కొందరు, యజమాని ఎవరో తెలియాలని. మీ పెరుగన్నం ఎవరైనా అలా లాగేస్తే మీరు ఊరుకుంటారా? పక్కనుంచి వెళ్తూ గిన్నెలో ఒక చికెన్ ముక్క వేసి వెళ్లండి. చెయ్యి వస్తే మంచిదే వస్తుందని తెలిస్తే కాపాడుకోవాల్సిన అవసరం దానికి ఉండదు. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం కుక్క చెప్పే ముందుమాట. కొట్టి ఆ మాట మాన్పిస్తే, ఏమీ చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. పసిపిల్లల దగ్గర మాత్రం ఎంత మంచి కుక్కనైనా ఒంటరిగా వదలకండి, ఒక్క నిమిషం కూడా.

ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బెజవాడ మే నెల, నల్లటి బొచ్చు. పొద్దున్న ఆరులోపు తిప్పి తెచ్చేయండి. తారు మీద అరచేయి పెట్టి ఉంచలేకపోతే దాని పాదం కూడా పెట్టించకండి.

ఎనిమిది నెలల వయసు దాటాక నేర్చుకున్నవన్నీ మర్చిపోయినట్టు చేస్తుంది. టామీ కూడా రోజూ చూసే పాల అబ్బాయి హెల్మెట్ పెట్టుకు వచ్చేసరికి మొరిగింది. కుర్ర వయసు అంతే, ఏడాదిన్నర దాకా ఉంటుంది. నేను మళ్లీ చికెన్ ముక్కలు జేబులో వేసుకుని, మళ్లీ దూరం నుంచి మొదలుపెట్టాను. ఆ అబ్బాయిని రోజూ గేటు అవతల హెల్మెట్ తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి నిలబడమని అడిగాను. "నాకు జీతం ఎవరిస్తారండీ?" అన్నాడు. టీ ఇప్పిస్తున్నాను.