పక్క సీట్లో ఎవరున్నారు? తొలి డ్రైవింగ్ లైసెన్సుపై చర్చ

(స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన అధికారి, హైదరాబాద్‌లో డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్న శిక్షకురాలు, 46 ఏళ్ల వయసులో తొలి లైసెన్సు కోసం తిరుగుతున్న హైస్కూల్ లెక్కల టీచర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు టాపిక్ చెప్పగానే మా ఆఫీసులో సగం మంది తమ కథలు మొదలుపెట్టారు. నా కథా ఉంది, అది తర్వాత. టీచర్ గారూ, ముందు మీరు చెప్పండి. ట్రాక్ మీద ఏమైంది?

టీచర్: ఏముందండీ, ఫెయిలయ్యాను. ఫెయిలైన పిల్లల్ని ఇన్నేళ్లుగా మందలిస్తూ వచ్చిన దాన్ని. బయటికొచ్చి చెట్టు కింద కూర్చుంటే మా ఆయన "పోన్లే" అన్నారు. ఫెయిలైనందుకన్నా ఆ పోన్లేకే ఎక్కువ మండింది నాకు.

వ్యాఖ్యాత: ఎక్కడ పోయింది?

టీచర్: హెచ్ ట్రాక్‌లో. హెచ్ అక్షరం ఆకారంలో పోల్స్ పెట్టి ఉంటాయి కదా, అందులో. ముందుకు బాగానే వెళ్లాను. ఆపి రివర్స్ వేశాను. ఎడమ పక్క పోల్ అద్దంలో కనిపిస్తోంది. కనిపిస్తోంది, కనిపిస్తోంది... ఉన్నట్టుండి లేదు. టక్‌మని చప్పుడు. పోల్ పడలేదు, ఊగిందంతే. కానీ ఊగినా పోయినట్టేనట.

ఇన్‌స్పెక్టర్: అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. సీట్లో కూర్చోగానే అద్దం సర్దుకున్నారా?

టీచర్: లేదు సార్. డ్రైవింగ్ స్కూల్ కారులో ఎప్పుడూ సర్దే ఉండేది.

శిక్షకురాలు: అది మా తప్పే. రోజంతా ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతుంటారు. టైమ్ కలిసొస్తుందని అద్దాలు మేమే సర్దేస్తాం. నేర్చుకునేవాళ్లకి అద్దం సర్దుకోవడం డ్రైవింగ్‌లో భాగమని తెలియకుండానే కోర్సు అయిపోతుంది.

ఇన్‌స్పెక్టర్: నేను ట్రాక్ పక్కన నిలబడి చూసేది అదే. కారు కదలకముందే సగం తెలిసిపోతుంది. బెల్టు పెట్టుకున్నారా, సీటు జరుపుకున్నారా, అద్దం చూసుకున్నారా. మమ్మల్ని జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు గానీ, మేం బ్రేకు దాకా వెళ్లేలోపే కొందరి ఫలితం తేలిపోయేది.

వ్యాఖ్యాత: మేడమ్, మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు మీ కారులో బాగా నడిపి, టెస్టులో మాత్రం బండి ఎందుకు ఆపేస్తారు? ఇంజిన్ ఆగిపోతుందంటారే, అది.

శిక్షకురాలు: (నవ్వుతూ) ఇది చెప్తే నా బిజినెస్‌కి మంచిది కాదు. మా కార్లలో పక్క సీటు కింద కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. ట్రైనింగ్ కారుకి డ్యుయల్ కంట్రోల్ ఉండాలన్నది రూలే. మూడో రోజు మీరు సిగ్నల్ దగ్గర క్లచ్ గబుక్కున వదిలేస్తారు. బండి ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే నా ఎడమ కాలు అప్పటికే కింద ఉంటుంది. వెనక ఆర్టీసీ బస్సు ఉన్నప్పుడు నేను నొక్కకుండా ఎలా ఉంటాను? పదో రోజుకి "వచ్చేసింది మేడమ్" అంటారు. వచ్చింది నా కాలికి.

టీచర్: అయ్యో, నాకూ అలాగే చేశారా?

శిక్షకురాలు: మీకు కొంచెం తక్కువే చేశాను.

వ్యాఖ్యాత: మరి దానికి మందేమిటి?

శిక్షకురాలు: ఖాళీ స్థలం కావాలి, అరగంట కావాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ మీద కాలు చాలా నిదానంగా పైకి తీస్తూ ఉండాలి. ఒక చోట ఇంజిన్ గొంతు మారుతుంది, కాస్త బరువుగా వినిపిస్తుంది. బండి సన్నగా వణుకుతుంది. పాదం అక్కడ ఆపేయాలి. మడమ నేల మీదే ఉండాలి. బండి తనంతట తానే నడకలాగా కదులుతుంది. దాన్నే హాఫ్ క్లచ్ అంటాం. ఆ చోటు ప్రతి కారుకీ వేరు. మా కారులో పైన ఉండొచ్చు, మీ ఇంటి కారులో బాగా కింద ఉండొచ్చు. టెస్టుకి ఏ కారు తీసుకెళ్తారో దాంట్లో ముందు రోజు ఒక్కసారైనా ఇది చేసి చూసుకోవాలి. ఆ చోటు కాలికి తెలిసిపోతే హెచ్ ట్రాక్‌లో సగం టెన్షన్ పోతుంది, ఎందుకంటే అక్కడ స్పీడ్‌తో పనే లేదు.

ఇన్‌స్పెక్టర్: ఎత్తు ఎక్కేటప్పుడు కూడా అదే. ట్రాక్‌లో ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదలాలి. చాలామంది హ్యాండ్‌బ్రేక్ వాడితే మార్కులు పోతాయనుకుంటారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 15వ రూల్ చూడండి. హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా వాడుతూ జారకుండా కదలడం గురించి అందులోనే రాసి ఉంది. వాడండి. క్లచ్ పట్టుకుని బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్‌బ్రేక్ వదలండి.

వ్యాఖ్యాత: కొంచెం వెనక్కి వెళ్దాం. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే లెర్నర్ లైసెన్సు. నా కథ ఇక్కడిదే. రెండుసార్లు తీసుకున్నాను, రెండుసార్లూ గడువు దాటిపోయింది.

ఇన్‌స్పెక్టర్: మీలాంటివాళ్లు చాలామంది. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత పర్మనెంట్ లైసెన్సు టెస్టుకి వెళ్లొచ్చు. ఆ 30 రోజులూ నేర్చుకోమని ఇచ్చినవి. మనవాళ్లు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, ఇరవై ఎనిమిదో రోజున డ్రైవింగ్ స్కూల్ నంబరు వెతుకుతారు.

టీచర్: ఎల్ఎల్ఆర్‌కి పెట్టే కంప్యూటర్ టెస్టు మాత్రం నాకు ఇష్టమైంది. 20 ప్రశ్నలు, 12 సరిగ్గా పెడితే చాలు. నాకు 19 వచ్చాయి. ఎరుపు అంచు త్రికోణమైతే హెచ్చరిక, ఎరుపు గుండ్రమైతే చేయకూడనిది. పిల్లలకి చెప్పినట్టు నాకు నేనే చెప్పుకున్నాను.

వ్యాఖ్యాత: డాక్టర్ సర్టిఫికెట్ కూడా అడిగారా?

టీచర్: అడిగారు. నలభై దాటితే ఫారం 1ఏ కావాలట. వయసు ఎవరికీ చెప్పకుండా దాచుకుందామంటే ఇక్కడ కుదరలేదు.

ఇన్‌స్పెక్టర్: కళ్ల విషయంలో ఒకటి చెప్పాలి. రంగులు సరిగ్గా తెలియవని అసలు అప్లయ్ చేయకుండా ఊరుకున్నవాళ్లున్నారు. 2020 జూన్‌లో రూల్ మార్చారు. ఆ లోపం తక్కువగానో, ఓ మోస్తరుగానో ఉంటే లైసెన్సు రావొచ్చు. డాక్టర్‌కి చూపించుకోండి.

వ్యాఖ్యాత: బ్రోకర్ల సంగతి? అందరూ అడిగేది అదే.

ఇన్‌స్పెక్టర్: ఫీజు లెక్క చెప్తాను, మీరే చూసుకోండి. కారు ఒక్కదానికే అనుకుందాం. ఎల్ఎల్ఆర్‌కి 150, దాని టెస్టుకి 50. తర్వాత డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200. మొత్తం 700. దీని మీద రాష్ట్రం వేసే సర్వీస్ చార్జీలు. ఇక బ్రోకర్‌కి ఇచ్చేదంతా దేనికి? స్లాట్ బుక్ చేయడం భయం, ఫారం నింపడం భయం.

శిక్షకురాలు: భయం ఒక్కటే కాదు సార్. రోజు కూలీకి వెళ్లేవాడు రెండుసార్లు తిరిగితే రెండు రోజుల కూలీ పోతుంది. ఆయన డబ్బు ఇచ్చేది ఆ తిప్పలు లేకుండా ఉండటానికి. అది ఒప్పని నేననను, కానీ భయపడుతున్నారని తేల్చేయడం కూడా కుదరదు.

ఇన్‌స్పెక్టర్: ఒప్పుకుంటాను.

వ్యాఖ్యాత: ఎల్ఎల్ఆర్ చేతికొచ్చాక ఒక్కరే రోడ్డెక్కొచ్చా?

ఇన్‌స్పెక్టర్: ఎక్కకూడదు. అసలు ఈ చర్చంతా దీని గురించే పెట్టినా తప్పులేదు. లైసెన్సు ఉన్న మనిషి పక్కన ఉండాలి. ఊరికే ఉంటే సరిపోదు, అవసరమైతే బండి ఆపగలిగే చోట కూర్చోవాలి. వెనక సీట్లో నిద్రపోతున్న బావమరిది లెక్కలోకి రాడు. బైకైతే నేర్పేవాణ్ని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. ముందూ వెనకా ఎల్ బోర్డు. తెల్ల పలక మీద ఎర్ర అక్షరం, పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు. నోట్‌బుక్ కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీసి అంటించినవి ఎన్ని చూశానో.

టీచర్: మా ఆయన అసలు అంటించనివ్వలేదు. ఎల్ చూస్తే అందరూ హారన్ కొడతారన్నారు.

శిక్షకురాలు: మన ఊళ్లో హారన్ ఎలాగూ కొడతారండీ. ఎల్ ఉంటే కొందరైనా కొంచెం ఎడం ఇస్తారు.

వ్యాఖ్యాత: టీచర్ గారూ, మీకు పక్క సీట్లో మీవారేనా?

టీచర్: ఒక్క ఆదివారం. తార్నాక దాకా వెళ్లాం. "ఎడమ, ఎడమ, అరే ఎడమ!" అంటారు. ఏ ఎడమ? స్టీరింగ్ ఎడమా, బండి ఎడమా? తర్వాత డ్యాష్‌బోర్డు పట్టుకుని "అమ్మో" అన్నారు. ఎదురుగా ఏమీ లేదు. నేను కారు పక్కకి ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

శిక్షకురాలు: మా స్కూల్‌కి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇలాంటి ఆదివారం తర్వాతే వస్తారు.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

ఫోన్‌లో: నమస్తే అండీ. మా వాడు ఇంటర్ సెకండియర్, పదిహేడు నిండినయి. కాలేజీ దూరం. స్కూటీ మీద పోతున్నాడు. పదహారుకే లైసెన్సు ఇస్తారని మా పక్కింటాయన అన్నాడు. నిజమేనా?

ఇన్‌స్పెక్టర్: సగం నిజం. పదహారేళ్లకి ఇచ్చేది గేర్లు లేని, 50 సీసీ దాటని బండికి. మీ వాడి స్కూటీ ఎంత సీసీ?

ఫోన్‌లో: నూట పది సార్.

ఇన్‌స్పెక్టర్: అయితే పద్దెనిమిది నిండాల్సిందే. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే స్కూటర్లు దాదాపు అన్నీ అంతే. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 199ఏ అని 2019 సవరణలో వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం జరిగితే తండ్రినో, బండి ఓనర్‌నో దోషిగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

ఫోన్‌లో: ఇరవై అయిదా?

ఇన్‌స్పెక్టర్: అవును. ఆ లోపు ఉద్యోగమొచ్చినా బస్సులోనే.

ఫోన్‌లో: సరే సార్... రేపటి నుంచి నేనే దింపుతాను.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. ఇన్సూరెన్స్ గురించి మెసేజ్‌లు వస్తున్నాయి. నేర్చుకుంటూ ఎవరినైనా గుద్దితే పరిహారం వస్తుందా అని.

ఇన్‌స్పెక్టర్: 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎల్ఎల్ఆర్ కూడా లైసెన్సేనని చెప్పింది. నేర్చుకునేవాడు నడుపుతున్నాడన్న కారణంతో బాధితుడికి డబ్బు కట్టనని కంపెనీ తప్పించుకోలేదు. అసలు ఏ లైసెన్సూ లేనివాడి కథ వేరు. అక్కడ కంపెనీ ముందు బాధితుడికి కట్టినా, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంటుంది.

వ్యాఖ్యాత: ఇంకో మెసేజ్. ఆటోమేటిక్ కారు మీద టెస్టు ఇస్తే గేర్ల కారు నడపొచ్చా?

ఇన్‌స్పెక్టర్: కార్లకి మన దగ్గర ఆ తేడా లేదు, రెండిటికీ ఒకటే ఎల్ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల లైసెన్సు. బైకుల్లో ఉంది. స్కూటర్ మీద టెస్టు ఇస్తే గేర్లు లేని బండికే ఇస్తారు. నా సలహా, గేర్ల కారులోనే నేర్చుకోండి.

శిక్షకురాలు: ఇక్కడ సార్‌తో నాకు పడదు. ఇంట్లో ఆటోమేటిక్ ఉంటే, జీవితమంతా అదే నడిపేటట్టయితే, హాఫ్ క్లచ్ కోసం నెల రోజులు ఏడవడం ఎందుకు? ఆ టైమ్‌లో రోడ్డు చూడటం నేర్చుకోవచ్చు కదా.

ఇన్‌స్పెక్టర్: రేపు అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చి, పక్కింటివాళ్ల గేర్ల కారు తప్ప ఇంకేమీ లేకపోతే?

శిక్షకురాలు: 108కి ఫోన్ చేస్తారు సార్.

వ్యాఖ్యాత: (నవ్వు) ఇది ఇప్పట్లో తేలదు. ట్రాక్ పాసైతే డ్రైవింగ్ వచ్చినట్టేనా మేడమ్?

శిక్షకురాలు: రాదు. ట్రాక్ మీద ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉండదు. కేంద్రం 2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకి రూల్స్ తెచ్చింది. అక్కడ కోర్సు పూర్తి చేసి పాసైతే ఆర్టీవో ఆఫీసులో మళ్లీ టెస్టు అక్కర్లేదు. కారు కోర్సు 29 గంటలు, అందులో నడపడమే 21 గంటలు. నా ప్యాకేజీ ఇరవై రోజులు, రోజుకి అరగంట. లెక్క మీరే చేయండి టీచర్ గారూ.

టీచర్: పది గంటలు. సగం కూడా లేదు.

శిక్షకురాలు: ఇరవై ఒక్క గంటలకి ఫీజు చెప్తే ఎవరూ చేరరు. పదిరోజుల ప్యాకేజీ లేదా అని అడుగుతారు.

వ్యాఖ్యాత: టీచర్ గారూ, మళ్లీ టెస్టు ఎప్పుడు?

టీచర్: ఏడు రోజులు ఆగాలన్నారు. ఈ గురువారం స్లాట్ దొరికింది. మూడుసార్లు పోతే అరవై రోజులు ఆగాలట, అందాకా తేను.

వ్యాఖ్యాత: ఎవరొస్తున్నారు మీతో?

టీచర్: ఆయనే. ఈసారి వెనక సీట్లో కూర్చుంటానన్నారు.

ఇన్‌స్పెక్టర్: అది కుదరదమ్మా. ట్రాక్ గేటు దాకా ఆయన పక్కనే కూర్చోవాలి. మీ చేతిలో ఉన్నది ఇంకా ఎల్ఎల్ఆరే. నోరు మూసుకుని కూర్చోమనండి, అంతే. గేటు దగ్గర దింపేయండి. ఆయన సర్దిన అద్దాన్ని మాత్రం మీరు మళ్లీ సర్దుకోండి.

టీచర్: రాసుకున్నాను సార్.

ఇన్‌స్పెక్టర్: ఇంతకీ యాంకర్ గారూ, మీ మూడో ఎల్ఎల్ఆర్ ఎప్పుడు?

వ్యాఖ్యాత: చిన్న బ్రేక్ తర్వాత వార్తలు.