తడి పన కుప్పేయకండి

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని లేపి అమలాపురం దాకా తీసుకొచ్చిన అమ్మలకీ నాన్నలకీ ముందు ఒక దండం. ఈ వేళ చెస్‌లో ఓపెనింగ్‌ల గురించి, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల గురించి, ఒక్క ముక్క కూడా మాట్లాడను, అవి మీవాళ్లు ఫోన్లో చూసి గడగడా అప్పజెప్పేస్తున్నారు. గెలుపులో ఉన్న గేమ్‌ని చివరిదాకా ఎలా తీసుకెళ్లాలో అదొక్కటే చెప్తాను.

రైతు ఇళ్లల్లో పుట్టినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుద్ది. సార్వా వరి కోత అయిపోయి పనలు చేలోనే ఉన్నాయి, పంట బ్రహ్మాండంగా పండింది, కానీ వాయుగుండం అన్న మాట చెవిన పడిందంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్దరుండదు, 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్లకైతే అసలు చెప్పక్కర్లేదు. మిడిల్‌గేమ్‌లో, అంటే ఆట మధ్యలో, ఒక బంటు ఎక్కువుందంటే అదే పరిస్థితి, పండింది గానీ ఇంటికి చేరలేదు. క్వీన్లూ రూక్‌లూ బోర్డు మీద తిరుగుతున్నంతసేపూ ఒక్క చెక్, అంటే రాజు మీద దాడి, చూసుకోకపోయినా మొత్తం పోద్ది. అందుకని పీస్‌లు, అంటే బంట్లు కాని పెద్ద పావులు, ఒకటిచ్చి ఒకటి తీసుకుని మార్చుకుంటూ ఎండ్‌గేమ్‌లోకి, ఆట చివరి భాగంలోకి దిగాలి, బంట్లు మాత్రం వీలైనంత ఉంచుకోవాలి, రేపు అవతలి చివరికి చేరి క్వీన్ అయ్యేది అవే కాబట్టి. వెనకబడ్డవాడు దీనికి ఉల్టా, బంట్లు మార్చేసుకోవాలని చూస్తాడు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ వాన భయంతో తడి పనలు తెచ్చి కుప్పేస్తే ఏమవుద్దండి? లోపల వేడెక్కి గింజ మొలకొచ్చేస్తది. మావాడొకడు అదే పని చేశాడు. టోర్నమెంట్‌లో ఆఖరి రౌండు, వీడిది వైట్. వీడికి మూలగా నడుస్తూ తెల్ల గడుల మీదే తిరిగే బిషప్పు, జి ఫైల్‌లో, అంటే జి నిలువు వరసలో, ఒక బంటు, హెచ్ ఫైల్‌లో ఒక బంటు, అవతల పాపకి రాజూ ఒక్క జి బంటూ. ఇంకాస్త సింపుల్ చేసేద్దామని వీడు బంటుకి బంటు మార్చేశాడు, మిగిలింది హెచ్ బంటొక్కటే. నేను అవతల నిలబడి చూస్తున్నాను, నోరు తెరవకూడదు కదా. ఆ పాప రాజుని తీసుకెళ్లి హెచ్8 మూలలో కూర్చోబెట్టింది. హెచ్8 నల్ల గడి, వీడి బిషప్పు జన్మలో ఆ గడిని తాకలేదు. ఎటు నొక్కినా స్టేల్‌మేట్, అంటే రాజుకి చెక్ లేదు, కదలడానికి చోటూ లేదు, అది డ్రా కిందే లెక్క. ఎంత అరగదీసినా చివరికి డ్రా. వాడు బయటికొచ్చి షర్టు చేతితో కళ్లు తుడుచుకుంటుంటే నాకు గొంతులో ముద్ద అడ్డుపడినట్టయింది, ఎందుకంటే సింపుల్ చెయ్యి అని నేర్పింది నేనే, ఏది ఉంచుకోవాలో సరిగ్గా నేర్పలేదు.

ఇలాంటి తడి పనలు ఇంకా ఉన్నాయి. నీ బిషప్ ఒక రంగు గడుల మీద, వాడి బిషప్ ఇంకో రంగు గడుల మీద, మిగతావన్నీ మారిపోయాయి అనుకో, రెండు బంట్లు ఎక్కువున్నా డ్రా అయిన గేమ్‌లు బోలెడు. రూక్ ఎండింగ్‌లో బంట్లన్నీ ఒకే పక్కనుంటే నాలుక్కి మూడు ఉన్నా గెలవడం చాలా కష్టం. అదే రాజులూ బంట్లూ తప్ప ఇంకేం లేకపోతే ఒక్క బంటు ఎక్కువున్నా మామూలుగా గెలుపే, కాకపోతే అక్కడ ఎవరి ఎత్తు అన్నది ప్రాణం.

అసలు మార్చేది ఏ పీసు అన్నది ఇంకా పెద్ద విషయం. 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఫిషర్, పెట్రోసియన్ క్యాండిడేట్స్ ఫైనల్, అంటే ప్రపంచ చాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే పోటీ, ఏడో గేమ్. ఫిషర్ గుర్రం సి5లో రాజాలా కూర్చుంది, పెట్రోసియన్ బిషప్ డి7లో ఏ పనీ లేనట్టు పడుంది. 22వ ఎత్తులో ఫిషర్ ఆ మంచి గుర్రాన్ని ఇచ్చేసి ఆ పనికిరాని బిషప్‌ని తీసుకున్నాడు. నేను మొదటిసారి చూసినప్పుడు పుస్తకంలో తప్పు అచ్చయిందేమో అనుకున్నాను, నిజం. తర్వాత బోర్డు పెట్టుకుని ఆడి చూస్తే తెలిసింది, చూడ్డానికి పనిలేనట్టున్నా అవతల ఇల్లు మొత్తాన్ని కాపలా కాస్తున్నది ఆ బిషప్పే. అది పోగానే ఫిషర్ రూక్ సి ఫైల్ లోంచి సి7లోకి దూరింది, ఇక పెట్రోసియన్‌కి ఊపిరాడలేదు, 34 ఎత్తుల్లో గేమ్ అయిపోయింది. నీ దగ్గర అందంగా ఉన్న పీసుని వదులుకోవడానికి చెయ్యి రాదు నాన్నా, నాకూ రాదు. అప్పుడే ఆగి, ఈ రెండూ పోయాక బోర్డు మీద మిగిలినవి ఎలా నిలబడతాయో మనసులో ఒకసారి పూర్తిగా చూసుకోవాలి.

సరే, ఇప్పుడు బోర్డులు తియ్యండి, ఇద్దరిద్దరు కూర్చోండి, అమ్మానాన్నలు కూడా కూర్చోవచ్చు. తెల్ల రాజు డి5, తెల్ల బంటు డి4, నల్ల రాజు డి7, ఇంకేం వద్దు. ముందు నల్లవాళ్ల ఎత్తు అనుకుని ఆడండి, తెల్ల గెలవాలి. తర్వాత అదే పెట్టి తెల్లవాళ్ల ఎత్తు అనుకుని ఆడండి, నల్లవాళ్లు డ్రా చెయ్యాలి. అదీ అయ్యాక బంటుని ఒక గడి వెనక్కి, డి3లో పెట్టి మళ్లీ తెల్లవాళ్ల ఎత్తుతోనే మొదలెట్టండి, ఏం మారిందో నాకొచ్చి చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను.