మన కన్ను రంగులను ఎంతవరకు చూడగలదు?

నమస్కారం. మనిషి కంటికి రంగుల విషయంలో ఉన్న పరిమితులను ఈ వీడియోలో పరిశీలిద్దాం. పరిమితి అనగానే చాలామందికి అతినీలలోహిత, పరారుణ కిరణాలు గుర్తుకు వస్తాయి. అవి మనకు కనబడవన్నది నిజమే గానీ, నా దృష్టిలో అంతకంటే పెద్ద పరిమితి మనకు కనబడే వెలుగులోనే ఉంది.

ముందు అంచుల సంగతి చూద్దాం. సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి మాత్రమే మనకు కనిపిస్తుంది. టీవీ రిమోట్ ముందున్న చిన్న బల్బును ఫోన్ సెల్ఫీ కెమెరా వైపు తిప్పి, ఏదైనా బటన్ నొక్కండి. నేరుగా చూస్తే ఆ బల్బు వెలుగుతున్నట్టే తెలియదు. చాలా ఫోన్ల తెరపై మాత్రం అది తెల్లగానో లేత ఊదాగానో మినుకుమంటుంది. అది సాధారణంగా 940 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతి. రెండో అంచున కారణం ఇది: అతినీలలోహిత కాంతిని మన కంటిలోని కటకమే చాలావరకు పీల్చుకుని, కంటి వెనుక భాగంలో కాంతిని గ్రహించే పొర అయిన రెటీనా దాకా పోనివ్వదు. శుక్లాల ఆపరేషన్‌లో కటకం తీసేసి, దాని స్థానంలో కృత్రిమ కటకం అమర్చని కొందరికి ఆ కాంతి కొంత కనబడుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. పగటి వెలుగులో రంగును పట్టుకునేవి రెటీనాలోని శంకు కణాలు. ఇవి మూడు రకాలు: ఒక రకం సుమారు 420, మరొకటి 530, ఇంకొకటి 560 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా స్పందిస్తాయి. అయితే ఒక శంకు కణానికి తాను ఎంత కాంతిని పీల్చుకున్నదీ తెలుస్తుంది తప్ప, ఆ కాంతి తరంగదైర్ఘ్యం ఎంతన్నది తెలియదు. తనకు బాగా నప్పే కాంతి కొద్దిగా పడినా, అంతగా నప్పని కాంతి ఎక్కువగా పడినా అది పంపే సంకేతం ఒక్కటే కావచ్చు. అందువల్ల మెదడు మూడు రకాల సంకేతాలను ఒకదానితో ఒకటి పోల్చి రంగును నిర్ణయిస్తుంది. వెలుగులో ఎన్ని తరంగదైర్ఘ్యాలు ఏ పాళ్లలో కలిసి ఉన్నా, కన్ను ఆ మొత్తాన్ని మూడు విలువలకు కుదించేస్తుంది. ఆ కుదింపులో పోయిన వివరాన్ని మెదడు ఎంత తెలివైనదైనా తిరిగి రాబట్టలేదు.

ఇప్పుడు తెరపై ఒక పసుపు చతురస్రం కనిపిస్తోంది. దానిని భూతద్దంతో బాగా దగ్గరగా చూడండి: ఎర్రని, ఆకుపచ్చని చుక్కలే వెలుగుతుంటాయి, పసుపు చుక్క ఒక్కటీ ఉండదు. సోడియం దీపం నుంచి వచ్చే పసుపు అలాంటిది కాదు. అది ప్రధానంగా 589 నానోమీటర్ల కాంతి. పట్టకం (ప్రిజం) గుండా పంపితే ఈ రెండు వెలుగుల తేడా వెంటనే బయటపడుతుంది. కంటికి మాత్రం, శంకు కణాలు రెండింటికీ సమానంగా స్పందించేలా పాళ్లు కుదిరితే, అవి వేరువేరని తెలిసే మార్గమే లేదు. ఇలాంటి జంటలను మెటామర్లు అంటారు. ఒక దీపం కింద అచ్చంగా సరిపోయిన రెండు బట్టల రంగులు ఎండలోకి తీసుకువెళ్లగానే వేరుగా కనబడటానికి కారణం ఇదే. ఫొటోలు, టీవీలు, ముద్రణ అన్నీ ఈ లోపం మీదే ఆధారపడి నడుస్తున్నాయన్నది నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. 1861లో భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ మూడు రంగుల ఫిల్టర్ల ద్వారా తీసిన చిత్రాలను తెరపై ఒకదానిపై ఒకటి ప్రసరింపజేసి, ఒక రిబ్బను రంగులను చూపించింది ఈ సూత్రంతోనే.

మూడు విలువలలో ఒకటి లేకపోతే ఏమవుతుందో రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1794లో తన చూపును గురించే వివరించారు. ఆయన మరణానంతరం భద్రపరచిన కంటి కణజాలంలోని డీఎన్‌ఏను పరీక్షించిన శాస్త్రవేత్తలు, 530 నానోమీటర్ల దగ్గర స్పందించే రకమే ఆయనకు లేదని 1995లో ప్రకటించారు.

మూడు రకాలూ ఉన్నవారికి సైతం మరో హద్దు ఉంది. 530, 560 రకాల స్పందనలు చాలా మేరకు ఒకదానిపై ఒకటి పరచుకుని ఉంటాయి కాబట్టి, మధ్య రకాన్ని ఒక్కదానినే మేల్కొలిపే కాంతి ప్రకృతిలో లేదు. తెరకు కూడా ఇదే చిక్కు. 500 నానోమీటర్ల స్వచ్ఛమైన నీలి ఆకుపచ్చను చూపించాలని నీలం, ఆకుపచ్చ చుక్కలను ఎలా కలిపినా, 560 రకం కణాలు అవసరానికి మించి స్పందించి రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అందుచేత పట్టకం చూపించే ఆ రంగును ఈ వీడియోలో ఉన్నదున్నట్టుగా చూపించడం సాధ్యం కాదు. దానిని మీరు పట్టకంలోనే చూడాలి.